ఒక పొగగొట్టం తేడా

ఏప్రిల్ పదకొండున తీర అనుమతుల కార్యాలయం ఇవాండర్ మక్రేను నమ్మదగని సాక్షిగా ప్రకటించింది. ఆయన వయసు డెబ్బై ఒకటి. గాలి సిలిండరు వీపున కట్టుకుని స్కార్వెగ్ అనే సముద్రపు పాయ అడుగున చిప్పలు ఏరుతూ ఆయన గడిపిన సమయం, ముప్పై తొమ్మిదేళ్లలో, ఆరు వేల గంటలకు తగ్గదు. ఆ నీటిలో ఒక్కసారైనా తల ముంచని ముగ్గురు సభ్యులు నలభై నిమిషాల విచారణ జరిపి, అడుగున ఏముందో ఆయన చెప్పగా వినవలసిన అవసరం లేదని రాశారు. ఆ రాత ఆధారంగా జూన్ పన్నెండున పద్దెనిమిది కాంక్రీటు దిమ్మెలు నీటిలోకి దిగబోతున్నాయి. సాల్మన్ చేపలు పెంచే బోనులకు అవి లంగర్లు. అవి దిగే చోట నిప్పుచిప్పలనే గుల్లజీవుల మేట ఉందని ఇవాండర్ అంటున్నాడు. లేదని కార్యాలయం అంటోంది. కార్యాలయం తరఫున ఎవరూ దిగి చూడలేదు.

ఇవాండర్ అబద్ధం చెప్పాడన్నది నిజం. అది ఒప్పుకున్నది కూడా ఆయనే. అయితే ఆ అబద్ధం ఎటువంటిదో, ఎందుకు పుట్టిందో విచారించకుండా మనిషిని కొట్టిపారేశారు గనుక, ఆయన కథ మొదటి నుంచీ చెప్పవలసి వచ్చింది. ఆయన భార్య ఎఫీ నాకు మేనత్త. ఆ బంధుత్వాన్ని లెక్కలో వేసుకునే చదవండి.

ఇవాండర్ తండ్రి రోడ్ల మరమ్మతు కూలీ. ఇంట్లో ఎవరికీ ఈత రాదు. ఆ మాటకొస్తే ఊళ్లో పడవల మీద బతికే పాతతరం వాళ్లెవరికీ రాదు. ఆ చలినీటిలో ఈత వచ్చినవాడు చావడానికి మరికాస్త ఎక్కువసేపు పడుతుందే తప్ప వేరే లాభం లేదని వాళ్ల వాదన. అటువంటి ఇంట్లో పుట్టిన మనిషి ఇరవై నాలుగో ఏట నౌకాదళం వదిలించుకున్న పాత సరుకులోంచి ఒక రబ్బరు సూటు కొనుక్కొచ్చాడు. మోకాలి దగ్గర దానికో అతుకు. మొదటి చలికాలమంతా ఆ అతుకులోంచి నీరు చొరబడుతూనే ఉంది. ఏడు డిగ్రీల నీరు. పైకి వచ్చాక దవడలు బిగుసుకుపోయి గంటసేపు మాట వచ్చేది కాదు.

"ఆ గంటలోనే ఈవిడ పెళ్లి ఖాయం చేసేసింది. కాదందామంటే నోరు కదిలితేగా" అనేవాడు ఆయన, కనీసం ఏడాదికోసారి, ఎవరో ఒకరి పెళ్లి విందులో.

"తల అడ్డంగా ఊపడానికి ఏమొచ్చింది నీకు? అది గడ్డకట్టలేదే!" అనేది ఎఫీ.

స్కార్వెగ్ పాయలో దిగడమంటే రెండు నీళ్లు దాటడం. కొండల మీది నల్లమట్టి నేలల్లో పడిన వానంతా డికాషన్ రంగులో దిగివచ్చి ఉప్పునీటి పైన తేలుతుంది. మొదటి రెండు మీటర్లు చేతివేళ్లు కూడా కనబడవు. ఆ పొర దాటగానే చీకటి గదిలో తలుపు తీసినట్టు ఆకుపచ్చ వెలుతురు. చలి మాత్రం పెదవుల దగ్గర మొదలవుతుంది. గాలి పీల్చే రబ్బరు మూతి చుట్టూ ఉన్న చర్మం ముందుగా మండుతుంది, తరువాత మొద్దుబారుతుంది, ఆపైన అది తనదో కాదో తెలియదు. ఇరవై మీటర్ల అడుగున, ఇసుకలో సగం పూడుకుని విసనకర్రల్లా పడుకున్న, జనం తినే చిప్పలను ఒక్కొక్కటిగా చేత్తో ఏరి వలసంచిలో వేయాలి. అరచేతికన్నా చిన్నవాటిని ముట్టకూడదు. సంచి నిండాక దానికొక గాలితిత్తి కట్టి పైకి వదలాలి. అప్పుడప్పుడూ వెనకనుంచి ఎవరో కాలికి తొడిగిన రబ్బరు రెక్కను పట్టి లాగేవారు. తిరిగి చూస్తే ఒక సీల్ జంతువు, కుక్కపిల్ల కళ్లతో. "మొదట్లో భయమేసింది. తరవాత రాకపోతే బెంగేసింది" అని చెప్పాడాయన నాతో.

పైన పడవలో ఎఫీ. తాడు లేదు, గుర్తుబంతి లేదు. అవి సముద్రపు నాచులో చిక్కుకుని మనిషిని చంపుతాయని ఇవాండర్ కట్టుకోలేదు. నీటిపైకి వచ్చే బుడగలే ఆనవాలు. అవి గుంపుగా వస్తాయి, ఆగుతాయి, మళ్లీ వస్తాయి. ఒక గుంపు ఒక ఊపిరి. తెడ్డు మెల్లగా వేస్తూ, ఆ ఊపిరుల వెంట పడవ నడపడం ఎఫీ పని. ఒడిలో అల్లిక ఉండేది. సూటు కింద ఆయన వేసుకునే ఉన్ని బనియన్లన్నీ ఆ పడవలోనే తయారయ్యాయి. ఆయన చిప్ప ఏరుతున్నాడా, ఊరికే చూస్తున్నాడా, భయపడ్డాడా అన్నది బుడగల నడకను బట్టి చెప్పేది. "మిగతా ఆడవాళ్లు మొగుడి గుర్రు వింటారు. నేను పగలంతా ఊపిరి చూశాను" అనేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కళ్లు ఇప్పటికీ నీటి మీదికే పోతాయి.

పెళ్లయిన నాలుగేళ్లకు, ఒక మార్చి నెలలో, వడగళ్లు పడ్డాయి. వాన పడితే బుడగలు వెతకడం కష్టం. వడగళ్లు పడితే నీటి పైభాగమంతా ఉడుకుతున్న అన్నంలా కుతకుతలాడుతుంది. ఎఫీ ఆయన ఊపిరిని పోగొట్టుకుంది. చేతి గడియారం చూసుకుంటూ పదకొండు నిమిషాలు పడవను అటూ ఇటూ తిప్పింది. కింద ఇవాండర్‌ను పోటు లాక్కుపోతోంది. నిలదొక్కుకోవడానికి అడుగున చేతికందిన రాయిని గుప్పిట పట్టుకున్నాడు. రాయి ఊడి వచ్చింది, దానితోపాటు దళసరి చాప ముక్కలాంటిది కూడా చిరిగి వచ్చింది. ఆ కన్నంలోంచి, కుంపటి మీది బూడిద ఊదినట్టు, నారింజ రంగు భగ్గుమంది.

అవి నిప్పుచిప్పలు. బొటనవేలంత ఉంటాయి. అంచులంతా నిప్పురంగు పీచులు. రాళ్లనూ గుల్లముక్కలనూ తమ దారాలతో కుట్టి గూళ్లు కడతాయి. వేల గూళ్లు కలిసి అడుగునేలంతా ఒకే చాప అవుతుంది. పోటు ఎంత లాగినా ఆ చాప మీద బతికే పీతలూ చేపపిల్లలూ కొట్టుకుపోవు. ఇవాండర్ ఆ కన్నం ముందు మోకరిల్లి, తాను చింపిన గూటి చుట్టూ అవి పీచులాడిస్తూ ఈదడం చూస్తూ, గాలి ముల్లు ఎర్రగీత దాటేదాకా ఉండిపోయాడు.

తేలగానే పడవ అంచు మీదుగా ఎఫీ చేయి ఆయన మెడపట్టీని అందుకుంది.

"చచ్చావనుకున్నానయ్యా! ఏడ్చే తీరిక కూడా లేదు, పడవ తిప్పుకోవాలాయె!"

"ఎఫీ, కింద నిప్పుందే."

"నిప్పా? గాలి చాలక బుర్ర ఉడికింది నీకు. ఎక్కు ముందు."

"నిజమే చెబుతున్నా. నారింజ పండు రంగు. నేనే చింపేశాను కొంచెం. పాడుచేశాను."

ఆమె అప్పటికే ఒడ్డువైపు చూసి చోటును గుర్తుపట్టేసింది. ఒడ్డున ఏడిళ్లు వరసగా ఉంటాయి, ఏడు పొగగొట్టాలు. వాటి ముందు, అలల అంచున, ఒక తెల్లరాయి. నీటి మీద ఎక్కడున్నామన్నది, ఏ పొగగొట్టం ఆ రాతి నెత్తిన నిటారుగా నిలబడిందన్న దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ రోజు నిలబడినది ఎఫీ తల్లి సీనాగ్ ఇంటి పొగగొట్టం. "మా అమ్మ నీ వంక చూస్తూనే ఉంది, సిగ్గులేదూ?" అంది ఎఫీ. అప్పుడిక ఇద్దరికీ నవ్వాగలేదు.

ఆ తరువాత ప్రతి మార్చిలోనూ ఒకరోజు పని మానుకుని అక్కడికి వెళ్లేవారు. సంచి లేకుండా దిగేవాడు ఇవాండర్. తన గుప్పిట చింపిన కన్నం పూడుతోందా అని చూసి వచ్చేవాడు. మొదటి ఏడు అంచులు మాత్రం ముడుచుకున్నాయి. రెండో ఏడు సగం. మూడో మార్చిలో ఎక్కడ చింపాడో ఆయనకే తెలియలేదు. ఆ మేట మీది నుంచి ఒక్క చిప్ప కూడా ఏరలేదు. ఎఫీ ఫ్లాస్కులో సూప్ తెచ్చేది, అది తాగుతూ ఆయన చెప్పింది వినేది. ఆమెకు ఈత రాదు. పాయ అడుగును ఆమె చూసినదంతా ఆ మాటల్లోనే.

ఇక అబద్ధం సంగతి.

స్కార్వెగ్‌లో చిప్పలు ఏరే ఏ మనిషీ తన చోటు నిజం చెప్పడు. దీనికొక మర్యాద ఉంది. ఊరికే ఏదో చెప్పేస్తే అది అవమానం. ఒకే ఒక్క పొగగొట్టం తేడాగా చెప్పాలి. ఎంత తేడాయో అందరికీ తెలుసు. ఏ వైపుకో మాత్రం చెప్పేవాడికే తెలుసు. నీటి మీద అది రెండు వందల యాభై మీటర్లు, అంటే ఒక సిలిండరు గాలి వృథా. పాయలో మరో డైవరు హెక్టర్ బేన్, ఇవాండర్‌కన్నా అయిదేళ్లు చిన్నవాడు, ప్రతి సాయంత్రం రేవులో అడిగేవాడు.

"అన్నా, ఆ సంచి చూస్తే నా కడుపు మండుతోంది. ఎక్కడ దిగావో చెప్పవూ?"

"నీకు చెప్పకపోతే ఎవరికి చెబుతాన్రా? పాస్టరు గారి పొగగొట్టం."

"అంటే దానికి అటుదో ఇటుదో అన్నమాట."

"అడిగేవాడికి సిగ్గులేదు, చెప్పేవాడికి అంతకన్నా లేదు," అని ఎఫీ కలగజేసుకునేది. "హెక్టరూ, ఊరికే నిలబడకు, సంచికి ఆ చివర పట్టు."

పట్టేవాడు. అలా ముప్పై ఏళ్లు.

ఎనిమిదేళ్ల కిందట, ఇవాండర్ డైవింగు మానిన ఏడాదే, సర్వే అధికారి ఒకరు వచ్చి ఊరి హాలులో బల్ల మీద పటం పరిచారు. నిప్పుచిప్పలున్న చోటును కాపాడతాం, వేలు పెట్టి చూపండి అన్నారు. మంచి పని. టీ, బిస్కట్లు అయ్యాయి. ఇవాండర్ లేచి బల్ల దగ్గరకు వెళ్లాడు. భుజం వెనకే హెక్టర్ మెడ చాచి చూస్తున్నాడు. ఇవాండర్ వేలు సీనాగ్ ఇంటికి ఎదురుగా దిగబోయి, క్షణం ఆగి, ఉత్తరానికి జరిగి, పాస్టరు గారి పొగగొట్టానికి ఎదురుగా నిలిచింది. హాలులో ఉన్న ఇరవై మందికీ అది ఒక పొగగొట్టం తేడా అని తెలుసు. అధికారికి ఒక్కరికే తెలియదు. ఆయన గీత గీసుకున్నారు.

అధికారిని పక్కకు పిలిచి సరిచేద్దామని ఇవాండర్ బయటికి నడిచాడు. హెక్టర్ కూడా గొడుగు పట్టుకుని వెంట నడిచాడు. అతడు వినేంత దగ్గరలో ఉండగానే కారు వెళ్లిపోయింది. ఎలాగూ వాళ్లు మనిషిని దింపి చూస్తారు కదా, అప్పుడు చెప్పవచ్చునని ఇవాండర్ అనుకున్నాడు. అది ఆయన తప్పు. నీటి అడుగున ఉన్నదాని గురించి చూడకుండా రాసేవాళ్లు ఉంటారన్నది ఆయన ఊహకు అందలేదు.

గీసిన గీతే చట్టమైంది. రెండేళ్ల తరువాత పడవ మీది నుంచి తాడుకు కట్టిన కెమెరా ఒకటి ఆ గీత లోపల జారవిడిచారు. బురద కనబడింది. "మేట దెబ్బతిన్నది, కోలుకునే సూచనలున్నవి" అని నివేదికలో రాశారు. ఎనిమిదేళ్లుగా ఈ దేశం ఒక బురదగుంటను చట్టబద్ధంగా కాపాడుతోంది. అసలు మేట గీతకు బయట ఉంది. బోనుల కోసం అనుమతి అడిగిన సంస్థ, గీతకు బయట అని చూసుకుని, సరిగ్గా ఆ చోటునే ఎంచుకుంది.

బోనుల అనుమతి ప్రకటన రేవు గోడకు అంటించిన రోజు ఇవాండర్ దాన్ని రెండుసార్లు చదివి ఇంటికి వెళ్లి, ఎవరూ అడగకుండానే, తన అబద్ధాన్ని ఒప్పుకుంటూ కార్యాలయానికి ఉత్తరం రాశాడు. మార్చి ఇరవై ఆరున విచారణ జరిగింది. నేను రెండో వరసలో కూర్చున్నాను.

"అప్పట్లో మీరు చూపిన చోటు తప్పని ఇప్పుడు అంటున్నారు. తెలిసే తప్పు చూపారా?" అని అధ్యక్షురాలు అడిగారు.

"తెలిసేనండి."

"కారణం?"

"హెక్టర్ అక్కడే ఉన్నాడండి."

"అర్థం కాలేదు."

"హెక్టర్ వింటుండగా చోటు ఎవరు చెబుతారండీ?"

హాలంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా హెక్టర్ నవ్వాడు. అధ్యక్షురాలు నవ్వలేదు. కళ్లద్దాలు తీసి ఆమె అన్నారు: "హెక్టర్ గారు ఇప్పుడూ ఇక్కడే ఉన్నారు. మరి ఇప్పుడు మీరు చెప్పేది ఎందుకు నమ్మాలి?"

నవ్వు ఆగిపోయింది. ఇవాండర్ సభ్యులకు వీపు చూపించి, వెనక్కి తిరిగి, మామూలు గొంతుతో అన్నాడు.

"సీనాగ్ ముసలమ్మ పొగగొట్టం రా హెక్టర్. తెల్లరాతి నెత్తిన. అదీ చోటు."

హెక్టర్ టోపీ తీశాడు. ఎఫీ అల్లిక సూదులు ఆగాయి. ఆ హాలులో కూర్చున్న వాళ్లెవరమూ, ఒక డైవరు తన చోటును పదిమందిలో నోరువిప్పి చెప్పడం అంతవరకు వినలేదు. బల్ల వెనకున్న ముగ్గురూ అది రాసుకోను కూడా లేదు. సాక్షి సభ్యులకు వీపు చూపాడని మాత్రం రికార్డులో ఉంది.

వారి తీర్పులోని తర్కం ఇది: సాక్షి అప్పుడైనా అబద్ధమాడి ఉండాలి, ఇప్పుడైనా ఆడుతుండాలి, ఎలాగైనా అబద్ధీకుడే, కాబట్టి మొదటి వాంగ్మూలమే నిలుస్తుంది. ఒక మనిషి అబద్ధీకుడని తేల్చి, ఆ అబద్ధీకుడి మాటల్లోంచి తమకు అనుకూలమైన దానిని మాత్రం నిజమని ఉంచుకోవడాన్ని తర్కం అనరు. తనకు తలవంపు తెచ్చే నిజాన్ని తానే వచ్చి చెప్పినవాడి మాటకు ఏ న్యాయస్థానమైనా బరువు ఎక్కువ ఇస్తుంది. అదీ కాకపోతే, ఇవాండర్ మంచివాడో చెడ్డవాడో తేల్చనక్కరలేదు. నేల ఇరవై మీటర్ల లోతునే ఉంది. దాని గురించి నేలనే అడగవచ్చు.

ఆ అడిగే పని ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన ఇవాండరే చేశాడు. ఎనిమిదేళ్ల తరువాత సూటు తొడిగాడు; మెడపట్టీ ఎక్కించడానికి ఎఫీ, హెక్టర్ ఇద్దరూ పట్టవలసి వచ్చింది.

"లావయ్యావు" అంది ఎఫీ.

"సూటు కుంచించుకుపోయింది."

"అవునవును, పాపం, ఒంటరిగా ఉండి బెంగ పెట్టుకుంది." మెడ దగ్గర పౌడరు చల్లి, చేత్తో సర్ది, ఆ చెయ్యి వెంటనే తీయలేదు. "గుండె ఆగితే బుడగలూ ఆగుతాయి. నాకు తెలిసిపోతుంది. నాటకాలాడకు."

హెక్టర్ కెమెరా పట్టుకుని ఆయనతో దిగాడు. పడవలో ఎఫీ, అరవై తొమ్మిదేళ్ల మనిషి, తెడ్డు పట్టుకుని రెండు ఊపిరుల వెంట నడిచింది. "ఆ గాబరాది హెక్టర్‌ది, నిదానంగా వచ్చేది మీ మామది" అని వేలితో చూపింది. కొంతసేపటికి నిదానంగా వచ్చే బుడగలు ఒకచోట నిలిచిపోయాయి. నేను కంగారుపడ్డాను. ఎఫీ పడలేదు. "మోకాళ్ల మీద కూర్చున్నాడు. చూస్తున్నాడు" అంది. ఎంతో కాలం కిందట విన్న కబురును మళ్లీ వింటున్న మనిషిలా ఉంది ఆమె ముఖం.

ముప్పై ఒక్క నిమిషాలకు ఇద్దరూ తేలారు. హెక్టర్ పడవ అంచు పట్టుకున్నాడు. పెదవులు సహకరించాక అన్నాడు: "ముప్పై ఏళ్లు నన్ను పాస్టరు గారి బురదలో పొర్లించావు కదన్నా."

"నువ్వు స్కూలు ఎదురుగా అని చెప్పి నన్ను పొర్లించలేదూ?"

"అది నిజం చోటే. నమ్మి ఎప్పుడూ దిగలేదు నువ్వు."

ఇవాండర్ నవ్వబోయి, అద్దం పైకెత్తుకుని, ఎఫీతో అన్నాడు: "ఉన్నాయే. అన్నీ ఉన్నాయి."

పద్దెనిమిది నిమిషాల చిత్రం, పడవ నిలిచిన చోటి జీపీఎస్ అంకెలు కార్యాలయానికి పంపాము. మే పధ్నాలుగున జవాబు వచ్చింది. విచారణ రికార్డు మూసేశారట. చిత్రం తీసినవారు గుర్తింపు పొందిన సర్వేదారులు కారట. ఆ చిత్రం ఫలానా చోటిదని చెప్పడానికి ఆధారం ఇవాండర్ మాట, ఇవాండర్ పడవలోని యంత్రం. ఇవాండర్ నమ్మదగని సాక్షి.

ఆ ఉత్తరం చదివాక ఆయన ఒక్క మాటే అన్నాడు. "నా గుప్పెడు కన్నానికి మూడేళ్లు పట్టిందమ్మా. ఆ దిమ్మె ఒక్కొక్కటి మన వంటగదంత ఉంటుంది." ఎన్నేళ్లో లెక్కవేయమని నన్ను అడగలేదు. ఆ రోజు నుంచి రేవుకు వెళ్లడం మానేశాడు. నలుగురిలో తన చోటు చెప్పుకున్న మనిషిగా కాదు, చెప్పినా ఎవరూ వినని మనిషిగా అక్కడ నిలబడలేకపోతున్నాడు.

కార్యాలయపు ముగ్గురు సభ్యులారా, ఈ మాటలు మీకు. ఇవాండర్‌ను నమ్మమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు గుర్తించిన డైవరును, మీరు ఎంచుకున్న రోజున, జూన్ పన్నెండుకు ముందు, మీ పడవలోనే పంపండి. ఒక సిలిండరు గాలి, నలభై నిమిషాలు చాలు. విచారణకు మీరు వెచ్చించిన సమయమూ అంతే. మేట ఉంటే అనుమతిని రద్దు చేసి, గీతను సరైన చోటికి జరిపి, 'నమ్మదగని సాక్షి' అన్న మాటను రికార్డు నుంచి తొలగించి, ఆ సంగతి ఆయనకు మా ఊరి హాలులో, అందరి ఎదుట చెప్పండి. చూడకుండానే దిమ్మెలు దింపదలిస్తే, 'మేము చూడలేదు' అని అనుమతి పత్రం మొదటి వాక్యంగా రాసి, దాని కింద మీ ముగ్గురూ సంతకాలు చేయండి.